మావారి పెట్రోలు విమానం

లారీ ఆఫీసు నుంచి రిక్షా మీద వచ్చిన ఆ అట్టపెట్టె మా వీధి గుమ్మంలో పట్టలేదు. రిక్షా అతనూ, పక్కింటి తివాచీల సాయిబుగారూ కలిసి దాన్ని నిలువుగా లేపి చూశారు, ఏటవాలుగా వంచి చూశారు, చివరికి పెరటి దారిన తిప్పి హాల్లోకి చేర్చారు. మావారు పక్కన నిలబడి "జాగ్రత్తండీ, మూల తగులుతోంది, జాగ్రత్తండీ" అంటూనే ఉన్నారు. ఆయన కుడిచెయ్యి ప్యాంటు జేబులో ఉంది. అప్పటికి ఆ చెయ్యి ఎప్పుడూ జేబులోనే ఉండేది. బయటికి తీస్తే వణికేది.

"ఏముందండీ అందులో?" అన్నాను, వాళ్ళు వెళ్ళాక.

"విమానం."

వేళాకోళం అనుకున్నాను. ఆయన తాళంచెవి మొనతో టేపు చీల్చబోయారు. అది జారింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ జారింది. నేను వంటింట్లోంచి చాకు తెచ్చి కోశాను. తెల్లటి థర్మోకోల్ మధ్య ఎర్రగా, నున్నగా ఒక విమానం ముక్కలు ముక్కలుగా పడుకుని ఉంది. ఒక్కో రెక్కని నిలబెడితే నా భుజం దాకా వచ్చింది. ఎత్తి చూస్తే బరువే లేదు. వేరే చిన్న పెట్టెలో ఇంజను. అది మాత్రం రెండు చేతులా పట్టుకోవలసినంత బరువు.

"ఏం చేస్తారండీ దీంతో?"

"ఎగరేస్తాను," అన్నారు, ఆ రెక్కని ఎడమచేత్తో నిమురుతూ.

నేను వంటింట్లోకి వెళ్ళి పొయ్యి కట్టేసి, గట్టుకి ఆనుకుని అలాగే నిలబడిపోయాను. విజయవాడలో డాక్టరుగారు జబ్బు పేరు చెప్పి అప్పటికి ఏడాది దాటింది.

మావారిది అత్తిలి దగ్గర వరి పండించుకునే కుటుంబం. చదువుకునే రోజుల్లోనే వైమానిక దళంలో చేరారు. పైలెట్‌గా కాదు, నేల మీద పని. ఇంజన్లు విప్పడం, శుభ్రం చెయ్యడం, బిగించడం. ఎన్నో ఏళ్ళు విమానాల కడుపు కింద పడుకుని పనిచేశారు కానీ ఒక్కనాడూ దాన్ని నడిపే సీట్లో కూర్చోలేదు. అక్కడ గడువు తీరాక ఏలూరు వచ్చి బ్యాంకులో క్యాషియరయ్యారు. నేను మునిసిపల్ స్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. మాకు పిల్లలు లేరు. ఆదివారాల్లో ఆయన అరచేతిలో పట్టే చిన్న చెక్క విమానాలు చేసి, కాలవ గట్టున విసిరి, ఎంత దూరం పోయిందో చూసుకుని మళ్ళీ తెచ్చుకునేవారు. అదొక్కటే ఆయన సరదా.

జబ్బుని మొదట పట్టింది డాక్టరు కాదు, బ్యాంకు. ఒకరోజు మేనేజరుగారు ఆయన్ని గదిలోకి పిలిచి, "ఏవండీ, మీ సంతకం రోజురోజుకీ చిన్నదైపోతోంది, చూసుకున్నారా?" అని అడిగారట. నిజమే. ఎప్పుడూ దర్జాగా సాగే సంతకం చీమ తలకాయంత అయింది. తరవాత నోట్లు లెక్కపెట్టడం నెమ్మదించింది. కౌంటరు ముందు వరస పెరిగింది. వరసలో ఎవరో "తాగొస్తాడేమో" అన్నారట. ఆ మాట ఆయన నాకు చెప్పలేదు, సాయిబుగారికి చెప్పుకున్నారు. బ్యాంకుల్లో స్వచ్ఛందంగా మానేసే అవకాశం ఇచ్చినప్పుడు మారు మాట్లాడకుండా మానేశారు. ఆ తరవాతే విజయవాడ వెళ్ళాం. పార్కిన్సన్స్ అన్నారు డాక్టరుగారు. తగ్గేది కాదనీ, మాత్రలతో కొంతకాలం నెట్టుకు రావచ్చనీ చాలా మర్యాదగా చెప్పారు. తిరుగు రైల్లో ఆయన ఏలూరు దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

అటువంటి మనిషి ఇంటికి అంత విమానం వచ్చింది.

బెంగుళూరులో ఇలాంటివి అమ్మే దుకాణం ఉందని వెనకటి స్నేహితుడెవరో చెప్తే తెప్పించుకున్నారు. పెట్రోలుతో నడిచే ఇంజను, చేతిలో పట్టుకునే రేడియో పెట్టె, దాని మీద బొటనవేళ్ళతో కదిపే రెండు పుల్లలు. ఆ పుల్లలు ఎటు కదిపితే ఆకాశంలో విమానం అటు తిరుగుతుంది. చిన్నవి చేసిన చేతికి ఇక పెద్దది ఎందుకు అని నేను అడగలేదు. చెయ్యి పూర్తిగా పోకముందే అనుకున్నదొకటి చేసుకోవాలనుకున్నారని అడక్కుండానే తెలుస్తోంది.

మొదట్లో నన్ను దగ్గరికి రానివ్వలేదు. నేను స్కూలుకి వెళ్ళాక హాల్లో చాప పరుచుకుని పని చేసుకునేవారు. సాయంత్రం వచ్చి చూస్తే పొద్దున ఎక్కడుందో అక్కడే ఉండేది. ఒకరోజు తలుపు తీసేసరికి ఆయన మోకాళ్ళ మీద వంగి ఉన్నారు. చాప మీద ఆవగింజలంత స్క్రూలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఆయన వేళ్ళు ఒక స్క్రూ మీద ఆడుతున్నాయి. పట్టుకోవడం లేదు. ఎంతసేపటి నుంచి అలా ఉన్నారో తెలియదు. చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది.

నేను చేతిసంచీ పక్కన పెట్టి కూర్చుని స్క్రూలన్నీ ఏరి మూతలో వేశాను. ఆయన గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి కళ్ళు తెరవకుండానే, "ఆ స్క్రూడ్రైవరు తీసుకో. నేను చెప్తాను," అన్నారు.

అలా మొదలైంది. స్కూలు నుంచి రాగానే టీ పెట్టి ఇద్దరం హాల్లో కూర్చునేవాళ్ళం. తోక ముక్కని బిగించడం, రెక్క చివర కదిలే పలకలకి మడతబందులు అంటించడం, ఆ పలకల్ని తిప్పే బుల్లి మోటార్లు బిగించడం. వాటిని సర్వోలంటారు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దవి. రెండు గొట్టాల్లోంచి సమానంగా జిగురు తీసి, పాత పోస్టుకార్డు మీద కలిపి, గట్టిపడేలోగా రాయాలి.

"ఎక్కువైంది. తుడిచెయ్యి. బరువు పెరుగుతుంది."

"ఇంత జిగురుకే బరువు పెరుగుతుందాండీ?"

"ఇంత, ఇంత, ఇంత కలిస్తేనే కదా బరువు. గట్టిగా నొక్కకు. అది కర్ర కాదు, అప్పడం అనుకో."

ఆయన మెత్తటి మనిషి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో గొంతు పెంచి ఎరగరు. కానీ ఆ చాప మీద కూర్చుంటే వేరే మనిషయ్యేవారు. నా చెయ్యి ఒక వెంట్రుకవాసి పక్కకి పోతే కసిరేవారు. ఒకనాడు సర్వోకీ పలకకీ మధ్య ఉండే సన్నటి తీగ వంకరగా కూర్చుంది. "ఎన్నిసార్లు చెప్పాలి? కళ్ళు కనబడ్డం లేదా నీకు?" అని అరిచారు. నేను స్క్రూడ్రైవరు కింద పడేసి పెరట్లోకి వెళ్ళి బావి గట్టున కూర్చున్నాను. చాలాసేపటికి ఆయన వచ్చారు. కాళ్ళు ఈడుస్తూ, గుమ్మం దగ్గర ఆగిపోయి, మళ్ళీ కదిలి, ఆ నాలుగడుగులు రావడానికి చాలా పట్టింది. వచ్చి పక్కన నిలబడ్డారు.

"నిన్ను కాదే," అన్నారు. "నా చేతుల్ని తిట్టుకుంటున్నాను. అవి ఇప్పుడు నీ దగ్గర ఉన్నాయి కదా."

లేచి లోపలికి నడిచాను. ఆయన చెయ్యి నా భుజం మీద ఉంది. అది వణుకుతోంది. నా జాకెట్టు కూడా దానితో పాటే కదులుతోంది.

వేసవి వచ్చేసరికి రెక్కల మీద అంటించిన ఎర్ర కాగితం ఎండకి వదులై ముడతలు పడింది. అది కాగితం కాదు, ప్లాస్టిక్ లాంటిదేదో. వేడి తగిలితే బిగుసుకుంటుంది. నా చీరల ఇస్త్రీపెట్టె తెచ్చి, మధ్యలో పాత నూలుగుడ్డ వేసి, కాలకుండా కరగకుండా నెమ్మదిగా రాస్తూ పోతే ముడత ఒక్కసారిగా మాయమయ్యేది. ఆ పని నాకు నచ్చింది. ఆయన రెక్క మీద వేలు రాసి చూసి, "మా సెక్షన్‌లో కూడా ఇంత నున్నగా చేసినవాడు లేడు," అన్నారు. నవ్వబోయి ఆయన మొహంలోకి చూశాను. జబ్బు వల్ల మొహం మీద కండలు బిగుసుకుపోతున్నాయి, నవ్వినా నవ్వినట్టుండదని డాక్టరు ముందే చెప్పారు. ఆయన మెచ్చుకున్నారో, బాధపడుతున్నారో ఆ మొహంలో నాకు కనబడలేదు. ఆ తరవాత కూడా చాలాసార్లు అంతే.

ఇంజను బిగించడానికి మాత్రం సాయిబుగారు వచ్చారు. వాళ్ళది తాతల కాలం నుంచి తివాచీల వ్యాపారం. ఈ పనితో ఆయనకి ఏ సంబంధమూ లేదు. స్నేహం కొద్దీ వచ్చేవారు. విమానం ముక్కు దగ్గరి పలకకి బోల్టులు, వాటి మీద ఇంజను, వెనక పెట్రోలు సీసా, దానిలోంచి ఇంజనుకి గొట్టం. నిప్పు పుట్టించడానికి ఒక బ్యాటరీ, రేడియో మాటలు వినే పెట్టెకి ఇంకొక బ్యాటరీ. ఇంజను అదురు తగలకుండా ఆ పెట్టెని స్పాంజిలో చుట్టి పెట్టాం. అన్నీ అమిరాక రెక్కల కింద ఇటు నేనూ అటు సాయిబుగారూ చెరో వేలూ పెట్టి లేపాం. ముక్కు కిందికి వాలితే బ్యాటరీ వెనక్కి జరపమన్నారు మావారు, తోక వాలితే ముందుకి. చివరికి విమానం మా రెండు వేళ్ళ మీదా తిన్నగా నిలబడింది. మావారు కుర్చీలోంచి దాని వంక చూస్తూ, "అదీ," అన్నారు. అంతే.

పెరట్లో దాని తోకని కొబ్బరిచెట్టుకి కట్టి మొదటిసారి ఇంజను వేశాం. సాయిబుగారు లావుపాటి తోలు తొడుగు వేసుకుని ముందున్న పంకాని ఎన్నోసార్లు తిప్పాక, అది దగ్గి, పొగ కక్కి, చెవులు చిల్లులు పడేలా అందుకుంది. గాలికి ఆరేసిన బట్టలన్నీ ఎగిరి పక్కింటి గోడ మీద పడ్డాయి. వీధిలో వాళ్ళంతా గోడల మీంచి తలలు పెట్టారు. మావారు నా వైపు తిరిగి ఏదో అన్నారు. వినబడలేదు. ఇంజను ఆపాక అడిగాను.

"ఏమన్నారండీ?"

"ఏం లేదు. ఈ వాసన," అన్నారు. "ఇన్నేళ్ళకి మళ్ళీ."

అప్పటికి ఒక మాత్ర పనిచేసే సమయం బాగా తగ్గిపోయింది. వేసుకున్న కాసేపటికి వణుకు అణిగేది, నడక తేలికయ్యేది, మాట తెలిసేది. ఆ వ్యవధి అయిపోగానే ఎవరో స్విచ్చి కట్టేసినట్టు మళ్ళీ బిగుసుకుపోయేవారు. ఎగరెయ్యాలంటే ఆ మధ్యలోనే ఎగరెయ్యాలి. చిన్న విమానం కొని నేర్చుకునే ఓపిక ఆయనకి లేదు. ఉత్త రేడియో పెట్టె పట్టుకుని, గాలిలో లేని విమానాన్ని గదిలో ఎగరేస్తూ రోజూ సాధన చేసేవారు. మాత్ర పట్టు ఉన్నంతసేపూ ఆ వేళ్ళు బాగానే కదిలేవి. నాకూ ఆశ పుట్టింది. ఆశ పుట్టకుండా ఉంటే బాగుండేది.

తాడేపల్లిగూడెంలో యుద్ధం రోజుల్లో తెల్లవాళ్ళు వేసిన రన్‌వే ఉంది. విమానాలు దిగడం ఎప్పుడో మానేశాయి. జనం దాని మీద పొద్దున్నే నడుస్తారు, కార్లు నేర్చుకుంటారు, పంట రోజుల్లో ధాన్యం ఎండబోస్తారు. సాయిబుగారు తివాచీలు మోసే వ్యాను తెచ్చి, అడుగున రెండు పాత తివాచీలు పరిచి రెక్కల్ని పడుకోబెట్టారు. తెల్లవారుతూనే బయల్దేరాం. మావారు వైమానిక దళంలో ఇచ్చిన పాత నీలం టోపీ పెట్టుకున్నారు. దారి పొడుగునా విమానం గురించే మాట్లాడారు. గాలికి ఎదురుగా లేపాలి, తొందరపడి తోక ఎత్తకూడదు, మలుపులో వేగం తగ్గనివ్వకూడదు. అన్ని మాటలు ఆయన నోట విని చాలా కాలమైంది.

అక్కడికి చేరి రెక్కలు తగిలించి, ఆయనకి మాత్ర ఇచ్చాను. వణుకు అణిగింది. రేడియో ఎంత దూరం అందుతుందో చూడ్డానికి దాని ఏరియల్ ముడిచి పెట్టి, దూరంగా నడిచి, అక్కడి నుంచి పుల్లలు కదిపి చూశారు. రెక్కల పలకలు చెప్పినట్టు విన్నాయి. అంతా బాగుంది. ఇంజను అందుకోలేదు.

సాయిబుగారు తిప్పారు, తిప్పారు. పెట్రోలు ఎక్కువై ప్లగ్గు తడిసింది. ప్లగ్గు విప్పి, తుడిచి, ఆరబెట్టి మళ్ళీ బిగించాను. ఒకసారి దగ్గి ఆగింది. మళ్ళీ ప్లగ్గు. ధాన్యం ఎండబోసుకునేవాళ్ళు పారలు పక్కన పెట్టి వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"ఏవండీ, ఇది నిజంగా ఎగురుతుందాండీ?" అని ఒక పెద్దావిడ నన్ను అడిగింది.

"ఎగురుతుందండీ," అన్నాను.

నేను మావారి చేతినే చూస్తున్నాను. ఎండ ఎక్కుతోంది. ఆయన పదే పదే గడియారం చూసుకుంటున్నారు. ఇంకో మాత్ర వెయ్యనా అన్నాను. వేళ కాకుండా వేస్తే ఒళ్ళంతా మెలికలు తిరుగుతుందని ఇద్దరికీ తెలుసు. వద్దన్నారు. అప్పుడు ఇంజను అందుకుంది. జనం చప్పట్లు కొట్టారు. సాయిబుగారు తోక పట్టుకుని, "కానివ్వండి గురువుగారూ!" అని కేకేశారు.

మావారు బొటనవేళ్ళు పుల్లల మీద పెట్టారు.

విమానం కదలలేదు. కానీ దాని రెక్కల చివర పలకలు, తోక పలకలు అన్నీ కలిసి గజగజ వణకడం మొదలుపెట్టాయి. నేను బిగించిన తీగలు, నేను అంటించిన మడతబందులు, అవి ఎంత సరిగ్గా ఉన్నాయంటే ఆయన వేళ్ళలోని వణుకు ఒక్క పిసరు కూడా పోకుండా అక్కడ కనబడుతోంది. నీళ్ళలోంచి తీసిన చేప తోకలా కొట్టుకుంటున్నాయి. చుట్టూ ఉన్నవాళ్ళకి అది ఇంజను అదురు అనిపించి ఉంటుంది. ఒక కుర్రాడు నవ్వాడు. మావారు ఆ పలకల్నే చూస్తున్నారు. అంతవరకూ తన చెయ్యి తను చూసుకున్నారు గానీ, అలా, అంత దూరంగా, అంత పెద్దగా ఎప్పుడూ చూసుకోలేదు.

"ఆపెయ్యండి," అన్నారు. ఎవరికీ వినబడలేదు. నాకు పెదవులు కదలడం కనబడింది. నేను వెళ్ళి ఇంజను స్విచ్చి ఆపేశాను.

పెద్దావిడ దగ్గరికొచ్చి, "ఏమైందమ్మా, చెడిపోయిందా?" అంది.

"అవునండీ," అన్నాను.

ఆ తరవాత విమానం హాల్లో గోడ పక్కన ఉండిపోయింది. ఆయన దాని మాట ఎత్తలేదు. నేను దుమ్ము తుడిచేదాన్ని. మాత్రలు పెరిగాయి. స్కూల్లో లెసన్ చెబుతుంటే, ఇంట్లో ఎక్కడ పడిపోయారో, ఎవరైనా చూశారో లేదో అన్న ఆలోచన వచ్చి పద్యం మధ్యలో ఆగిపోయేదాన్ని. పిల్లలు అందించేవాళ్ళు. చివరికి నేనూ ఉద్యోగం మానేశాను.

ఆ ఏడాదే కొల్లేటి సరస్సులో తవ్విన చేపల చెరువుల గట్లు ప్రభుత్వం తెగ్గొట్టించింది. నా పుట్టిల్లు కొల్లేటి లంక. మా తమ్ముడికి అక్కడ చెరువు ఉండేది. మందుగుండు పెట్టి గట్టు పేల్చినప్పుడు వాడు రోడ్డు మీద నిలబడి చూశాడట. కొల్లేరు మళ్ళీ కొల్లేరు కావాలన్నది మంచి మాటేనని నాకూ తెలుసు. కానీ చెరువు పోయినవాడు మా ఇంటికొచ్చి మావారి మంచం పక్కన కూర్చునేవాడు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ సాయంత్రం దాకా కూర్చునేవాళ్ళు. ఇద్దరికీ అదే హాయిగా ఉన్నట్టుండేది.

సాయిబుగారు ఊరుకోలేదు. ఎక్కడో వాకబు చేసి ఒక ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్‌ని తీసుకొచ్చారు. వయసులో చిన్నవాడు, మాటలో మర్యాద ఉన్నవాడు. తన దగ్గర ఇలాంటి చిన్న విమానాలు ఉన్నాయని, పెద్దది ఎగరేసిన అలవాటు కూడా ఉందని చెప్పాడు. విమానం చుట్టూ తిరిగి చూసి, "ఎవరు సార్ కట్టింది? చాలా శుభ్రంగా ఉంది," అన్నాడు. మావారు కళ్ళతో నా వైపు చూపించారు.

"మీరు ఒప్పుకుంటే నేను ఎగరేస్తాను సార్. మీరు పక్కన కూర్చుని చెప్పండి. మీ మాట ప్రకారమే చేస్తాను."

ఒప్పుకోరనుకున్నాను. "సరే," అన్నారు.

తాడేపల్లిగూడెం మాత్రం వద్దన్నారు. మా తమ్ముడు తన చెరువు ఉన్న చోటికి రమ్మన్నాడు. వేసవిలో అక్కడ నీరు ఇంకిపోయి నేల బల్లపరుపుగా ఎండి ఉంది. ట్రాక్టరు వెనక మొద్దు కట్టి వాడు దాన్ని ఇంకా చదును చేశాడు. గట్టు తెగిన చోట మట్టి పెళ్ళలు ఇంకా అలాగే పడి ఉన్నాయి. దూరంగా మిగిలిన నీళ్ళలో కొంగలు తెల్లగా నిలబడి ఉన్నాయి. సాయిబుగారూ, తమ్ముడూ కలిసి మావారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో సహా మోసుకొచ్చి దించారు.

ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. లెక్చరర్ పుల్ల కదిపాడు. విమానం ఎండిన చెరువు మీద పరుగెత్తి, చిన్న గంతేసి, లేచింది. నేను గట్టిగా అరిచాను. ఏమని అరిచానో తెలియదు. నేను ఇస్త్రీ చేసిన రెక్కలు ఎండలో ఎర్రగా మెరుస్తూ తిరిగాయి. ఆ చప్పుడుకి నీళ్ళ మీద కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. తమ్ముడు చెయ్యి కళ్ళ మీద అడ్డం పెట్టుకుని, "అక్కా, నా చెరువులోంచి లేచిందే!" అన్నాడు. వాడి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

మావారి వైపు తిరిగాను. ఆయన తల వంచుకుని నేల చూస్తున్నారు.

ఏడుస్తున్నారనుకున్నాను. కాదు. మెడ లేవడం లేదు. కొన్నాళ్ళుగా మెడ ముందుకి వాలి బిగుసుకుపోతోంది. అన్నం తినేటప్పుడు, మంచం దిగేటప్పుడు అది నాకు తెలుసు. కానీ ఆకాశం చూడాలంటే మెడ ఎత్తాలన్న సంగతి, ఇంత దూరం వచ్చిన మాకెవరికీ తట్టలేదు. విమానం నీడ ఆయన కాళ్ళ ముందు నుంచి నేల మీద జరిగిపోయింది. ఆయన ఆ నీడని చూశారు. కనుగుడ్లు పైకి తిప్పి, నుదురు ముడిచి, ఇంకా పైకి చూడాలని ప్రయత్నిస్తున్నారు.

"తమ్ముడూ, కుర్చీ పట్టుకో," అన్నాను. ఇద్దరం కుర్చీని వెనక్కి వంచాం. వెనక కాళ్ళ మీద ఆపి, నేను ఆయన వీపుకి నా మోకాళ్ళు ఆనించి, తలని రెండు చేతులా పట్టుకున్నాను. టోపీ పడిపోయింది. అప్పుడు ఆకాశం ఆయన కళ్ళకి ఎదురైంది. విమానం అప్పటికే చాలా పైకి వెళ్ళి, చిన్నదై, దూరంగా తిరుగుతోంది. చూశారు. ఎంతసేపు చూశారో నాకు చెప్పడం రాదు. నా చేతులు పీకేస్తున్నాయి.

"ఎడమకి లాగుతోంది," అన్నారు నెమ్మదిగా.

నేను లెక్చరర్‌కి కేకేసి చెప్పాను. అతను ఏదో సర్దాడు. విమానం తిన్నగా పోయింది.

"ఇప్పుడు బాగుందాండీ?"

"ఇంక దించమను."

బాగా దిగింది. ఒక్క గీత పడలేదు. లెక్చరర్ సంతోషం పట్టలేక పరుగెత్తుకొచ్చి ఆయన చేతులు పట్టుకుని, "ఎంత బాగా ఎగిరింది సార్! అసలు చెయ్యి వదిలేసినా పోతోంది సార్!" అన్నాడు.

"మీరే తీసుకెళ్ళండి," అన్నారు మావారు.

"సార్?"

"తీసుకెళ్ళండి. పెట్టె కూడా ఇంట్లో ఉంది. మా ఆవిడ ఇస్తుంది."

ఏలూరు తిరిగొచ్చాక ఆయనకి పట్టింపు పోయింది. గోడ పక్కన చోటు ఖాళీ అయింది. మర్నాడు మాత్ర ఇస్తే నోరు తెరవలేదు. బతిమాలాను. "ఇంక దేనికి?" అన్నారు. అప్పుడు నాకు తెలిసింది. ఇన్నాళ్ళూ ఆ చేతుల్ని అదుపులో పెట్టుకోవాలని ఆయన మింగిన మాత్రలన్నీ ఆ విమానం కోసమే. నా కోసం కాదు, అన్నం ముద్ద నోట్లో పెట్టుకోవడం కోసం కాదు. అది ఎగిరింది. ఆయన చేతులకి పని లేదని తేలిపోయింది. ఎగిరితే ఏదో తీరుతుందని, ఇంట్లో కాస్త వెలుతురు వస్తుందని నేను అనుకున్నాను. ఏమీ తీరలేదు. నా బలవంతం మీద మాత్రలు వేసుకునేవారు. కొన్నాళ్ళకి మంచం దిగడం మానేశారు. మాట గుసగుసలోకి దిగింది. నోటి దగ్గర చెవి పెడితే గానీ తెలిసేది కాదు.

మరో రెండు వేసవులు గడిచాక లెక్చరర్ ఫోను చేశాడు. రేడియో అందక విమానం వరిచేలో కూలిపోయిందట. ముక్కుతో సహా బురదలో దిగబడిందట. "సార్‌కి ఎలా చెప్పాలో తెలియడం లేదు మేడమ్," అన్నాడు. నేను చెప్తానన్నాను.

మంచం మీద కూర్చుని చెప్పాను. ఆయన రెప్ప వేయకుండా విన్నారు. పెదవులు కదిలాయి. చెవి దగ్గర పెట్టాను.

"కింద ఎవరైనా ఉన్నారా?"

"లేరండీ. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఖాళీ చేలో పడింది."

"మంచిది," అన్నారు.

కాసేపటికి కళ్ళు గోడ వైపు తిప్పారు. అటు తిప్పి పడుకోబెట్టమని. వీపు కింద ఒక చెయ్యి, మోకాళ్ళ కింద ఒక చెయ్యి పెట్టి ఆయన్ని గోడ వైపు తిప్పాను. దుప్పటి సర్ది, ఫ్యాను తగ్గించి, మధ్యాహ్నానికి జావ కాయడానికి వంటింట్లోకి వెళ్ళాను.